హయాత్‌నగర్ పేరు చెప్పే చరిత్ర



ఊళ్ల పేర్లు మార్చాలన్న మాట తరచుగా వినవస్తున్న కాలమిది. ఆ మాటకు బదులు చెప్పాలంటే, ఆ పేర్లు ఎలా పుట్టాయో ముందు మనకు తెలిసి ఉండాలి. ఉదాహరణగా హైదరాబాద్‌కు తూర్పున, విజయవాడ రహదారిపై ఉన్న హయాత్‌నగర్‌ను మేము ఈనాడు మీ ముందుంచుతున్నాం.

ఆ పేరు హయాత్ బక్షీ బేగం స్మృతి. ఆమె హైదరాబాద్ నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షాకు కుమార్తె, సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షాకు భార్య, అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి. 1626లో అబ్దుల్లా చిన్న వయసులోనే సింహాసనం ఎక్కగా, రాజ్య వ్యవహారాలలో ఆ తల్లి మాటే ఆధారమైంది. 1656లో మొఘల్ సేన గోల్కొండను ముట్టడించినప్పుడు, సంధి కోసం ఔరంగజేబు వద్దకు స్వయంగా వెళ్లినవారు ఆమె. 1667లో కన్నుమూశారు. కుతుబ్ షాహీ సమాధుల నడుమ ఆమె సమాధి నేటికీ నిలిచి ఉంది.

హయాత్‌నగర్‌లో ఆమె పేరిట మసీదు ఉంది. దాని విశాలమైన ఆవరణ చుట్టూ బాటసారులు బస చేయడానికి కట్టిన గదుల వరుసలు ఉన్నాయి. చేరువలోనే హాథీ బావ్లీ అనే పెద్ద బావి. మచిలీపట్నం రేవుకు సాగే బాటపై నమాజుకు చోటు, రాత్రికి నీడ, దాహానికి నీరు ఒక్కచోటనే అమరాయి. కనుక ఈ పేరును కేవలం రాచరికపు గుర్తుగా చూడరాదు. బాటసారికి అందిన సేవ కూడా అందులో నిలిచి ఉంది.

పేరు నిర్మాణాన్ని కూడా గమనించండి. ‘హయాత్’ అరబీ పదం, జీవితమని అర్థం. ‘నగర్’ సంస్కృత పదం. ఈ రెండూ కలిసినది ఈ నేల మీదనే. మలక్‌పేటలోనూ, షేక్‌పేటలోనూ ‘పేట’ మన తెలుగువారి నోటి మాటే. ఇటువంటి పేర్లను పరాయివని అనేవారు, వాటిలోని తమ సగాన్ని కూడా పరాయిదిగా ప్రకటిస్తున్నారన్న మాట.

అయితే పేర్లకు ప్రమాదం బయటి నుంచి మాత్రమే రాదు. ఆ బేగంనే ప్రజలు ‘మా సాహెబా’ అని గౌరవంగా పిలుచుకున్నారు. ఆమె పేరిట వెలసిన ‘మా సాహెబా తలాబ్’ పలుకుబడిలో అరిగి అరిగి ‘మాసబ్ ట్యాంక్’ అయింది. చెరువు పోయింది, ఆ చోట ఉద్యానవనం వచ్చింది. నిత్యం ఆ దారిన పోయే మన పిల్లలలో ఎందరికి ఆ మాటలో ఒక తల్లి ఉన్నదని తెలుసు? ఏ ప్రభుత్వమూ ఆ పేరును మార్చలేదు. అయినా అర్థం మరుగున పడింది. చెప్పవలసిన మనం చెప్పకపోవడమే అందుకు కారణం.

కనుక మేము కోరేది మూడు పనులు. మొదటిది, ప్రతి బస్తీలోనూ పెద్దలు చెప్పే పేర్ల కథలను, పాత దస్తావేజులలోని పేర్లను యువకులు రాసిపెట్టాలి. వినికిడిని వినికిడిగాను, ఆధారం ఉన్నదానిని చరిత్రగాను వేరుగా రాయాలి. ఆధారం లేని గొప్పలు మన వాదాన్నే బలహీనపరుస్తాయి. రెండవది, చారిత్రక మసీదులు, బావుల వద్ద వాటి చరిత్రను తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోనూ తెలిపే ఫలకాలు పెట్టాలని మసీదు కమిటీలు అధికారులకు వినతిపత్రాలు ఇవ్వాలి. మూడవది, మన ఆడపిల్లలకు హయాత్ బక్షీ బేగం గాథ చెప్పాలి. ముస్లిం స్త్రీకి చరిత్రలో చోటు లేదనే మాటకు ఒక ఊరి పేరే జవాబుగా నిలిచి ఉంది.

చివరిగా ఒక విన్నపం. పేరును కాపాడి, బావిని చెత్తతో పూడనిస్తే ఆ రక్షణకు అర్థం లేదు. నీరు, నీడ, ఆతిథ్యం ఆ పేరును నిలబెట్టాయి. వాటిని ఇరుగుపొరుగులందరికీ అందించగలిగినప్పుడే ఆ పేరుకు మనం నిజమైన వారసులమవుతాం. అందుకు అల్లాహ్ మనందరికీ శక్తి ప్రసాదించుగాక.