చేతికి రాని చదువు



దంతవైద్యుల సభలో అధ్యక్షుడన్నవాడు వృత్తి ప్రగతిని సమీక్షించాలన్నది ఆనవాయితీ. అది క్లుప్తంగా కానిస్తాను. నా గొడవ నాకుంది. అది రబ్బర్ డ్యామేనని ముందు వరస మిత్రులు అప్పుడే నవ్వుకుంటున్నారు. నవ్వండి.

2020 మార్చి 25న కొవిడ్ లాక్‌డౌన్ మొదలైంది. పంటిని తొలిచే ఏరోటర్ తిప్పితే లేచే తుంపరే ప్రమాదమన్నారు. బెంజి సర్కిల్ నుంచి బందరు దాకా అత్యవసరానికి తప్ప క్లినిక్కుల తలుపులు తెరుచుకోలేదు. ఆ ఖాళీలో వెబినార్లు ముంచెత్తాయి. అవనిగడ్డలోనో కైకలూరులోనో ఒంటరిగా ప్రాక్టీసు చేసుకునే డాక్టరు హైదరాబాదు పరుగెత్తకుండానే పెద్ద ప్రొఫెసర్ల మాట వినగలిగాడు. ఆ మేలు కాదనను. అయితే వీడియో ఆపేసి, ఫోను టీపాయ్ మీద పడేసి, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపి సర్టిఫికెట్ దించుకున్నవాళ్లూ ఈ హాల్లో ఉన్నారు. పేర్లెందుకు! రోగులు నోరు తెరవడానికే జంకుతున్న రోజుల్లో ఇంప్లాంట్ల మీద వెబినార్లు పెట్టించిన మిత్రులూ ఉన్నారు. వాళ్ల చివరి స్లైడు ఎప్పుడూ కంపెనీ ధరల పట్టికే.

2021 మేలో మాత్రం ఆన్‌లైన్ చదువు నిజంగా అక్కరకొచ్చింది. బ్లాక్ ఫంగస్ విరుచుకుపడిన నెల అది. కొవిడ్ తగ్గిన షుగరు రోగి “పైపళ్లు కదులుతున్నాయండీ” అంటూ వస్తే, చిగుళ్ల జబ్బనుకుని మందు రాసి పంపేస్తే కన్నే పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. స్టెరాయిడ్లు వాడారా, బుగ్గ మొద్దుబారిందా అని అడగాలి, అంగిలి నల్లబడిందేమో చూడాలి, ఆ పూటే ఈఎన్‌టీకి పంపాలి. కంటితో గుర్తుపట్టే విద్య గనక తెర మీది ఫొటోలు సరిపోయాయి. ఆ నెలలోనే మన రాష్ట్ర ప్రభుత్వం ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది.

రబ్బర్ డ్యామ్ వాడకం అలా తెర మీద చూస్తే వచ్చేది కాదు. 1864లో న్యూయార్క్‌లో శాన్‌ఫర్డ్ బార్నమ్ మొదలుపెట్టిన పద్ధతి. పంటికి ఈ రబ్బరు షీటు బిగిస్తే తడి చేరదు, రూట్ కెనాల్ ఫైలు గొంతులోకి జారదు, తుంపరలో లాలాజలం తగ్గుతుంది. కొవిడ్ కాలంలో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలూ వాడమనే చెప్పాయి. వెబినార్లో ప్లాస్టిక్ దవడకు క్షణంలో తొడిగి చూపించారు. ఆ దవడకు నాలుక లేదు, ఓకరింత రాదు. మన కుర్చీలో కూర్చున్న పామర్రు రైతుకు కింది దవడపన్ను సగం విరిగి ఉంటుంది. షీటును నిలిపే క్లాంపు ఎక్కడ పట్టాలి? చిగురు కింద గట్టి అంచు వెతకాలి. జారితే లాగడానికి క్లాంపుకు ముందే ఫ్లాస్ కట్టాలి. పట్టిందో లేదో వేలితో కదిపి చూడాలి. షీటు ముక్కుకు అడ్డం రాకుండా మడవాలి. పక్కన నిలబడి చెయ్యి పట్టి నేర్పాల్సిన పని ఇది. డ్యామ్ లేకుండా ఫైలు ముట్టుకుంటే మా మాస్టారు ట్రే లాగేసుకునేవారు. ఇప్పుడు విద్యార్థుల కోటా కేసు పూర్తికాగానే క్లాంపులు సొరుగులోకి పోతున్నాయి.

1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్ స్థానంలో 2023లో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టం చేశారు. కొత్త నిబంధనలు రాసేవారికి నా మనవి: కూర్చున్న గంటలకు నిరంతర విద్య పాయింట్లు ఇవ్వకండి, చేసి చూపించిన పనికి ఇవ్వండి. విని నేర్చుకునేది ఆన్‌లైన్లోనే ఉండనివ్వండి, తెలుగులో కూడా పెట్టండి. ఇక మన విజయవాడ, గన్నవరం, గుంటూరు కళాశాలలవారు నెలకో ఆదివారం ఓపీ కుర్చీలు ఊళ్లలోని ప్రాక్టీషనర్లకు వదలండి. నేర్పడానికి నేనొస్తాను, క్లాంపులు కూడా నావే తెచ్చుకుంటాను.