ఊరకుక్క ఎవరిది?

(బరంపురంలో జరిగిన మన సంఘ ఉగాది సభలో, ఒక విద్యార్థిని తీసిన చిన్న చిత్రాన్ని ప్రదర్శించే ముందు చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణమూ, కవితాగానమూ జరగవలసిన సభలో కుక్కల ప్రసక్తి ఏమిటని కొందరు నవ్వుకొంటున్నారు. నవ్వండి, పండుగపూట నవ్వు మంచిదే. కాని మీరు చూడబోయే చిత్రానికి ఉగాదితో సంబంధం వున్నది. 2020 మార్చి 25వ తేది శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనదీ ఆనాడే. శార్వరి అంటే రాత్రి. ఆ యేడు మనం తలుపులు మూసుకొని పచ్చడి తిన్నాము, సెల్‌ఫోనులో పంచాంగం విన్నాము. తలుపుకు ఇవతలి కథ అది. అవతలి కథ యీ చిత్రంలో వున్నది.

తీసినది మన సంఘంలోని బిడ్డే. కళాశాలలో మీడియా పాఠానికి ప్రాజెక్టు ఇవ్వవలసి వచ్చి, చేతనున్న ఫోనుతోనే తీసింది. పేరు చెప్పవద్దని కోరినందున చెప్పము. చిత్రంలో పాటలు లేవు, కన్నీరు తెప్పించాలన్న ఆరాటమూ లేదు. జరిగినది జరిగినట్లు చూపింది. అదే దాని గొప్ప.

మన వీధికుక్క బ్రతుకు మన ఎంగిలి మీద ఆధారపడినది. టిఫిను బండి పక్కన పారవేసిన ఆకు, హోటలు వెనుక కుమ్మరించిన అన్నం, పెండ్లివారి విస్తళ్లు, ఇవే దాని భోజనం. అవన్నీ ఒక్క రాత్రిలో ఆగిపోయినవి. పక్క వీధికి పోయి తినరాదా అంటారేమో. కుక్కకు దాని వీధే దాని రాజ్యం. పొలిమేర దాటితే పై వీధి కుక్కలు చీల్చివేస్తాయి. అందుచేత ఆకలి వెంట గాయాలు వచ్చినవి, గాయాలకు ఈగలు ముసిరి పురుగులు పడినవి. వైద్యుని వద్దకు తీసుకొని పోదామంటే ఆటో లేదు.

ఆనాడు జంతు సంక్షేమ బోర్డు వీధి జంతువులకు తిండి అందేటట్లు చూడవలసినదని రాష్ట్రాలను కోరింది. మన ఒడిశాలో ముఖ్యమంత్రి సహాయనిధి నుండి 54 లక్షల రూపాయలు నగరపాలక, పురపాలక సంస్థలకు యీ పనికై మంజూరైనవి. డబ్బు వచ్చినా, అన్నం వండి మోసే చేతులు కావాలి గదా! ఆ చేతులనే యీ అమ్మాయి చిత్రించింది. ఒకరు గోనెసంచిలో గాయపడిన కుక్కను ఎత్తి రిక్షాలో పడుకోబెడతారు. ఒకరు దాని మూతికి మెత్తని గుడ్డ కడతారు, ఇంకొకరు పుండు కడుగుతారు. ఒకరు "రా, రా" అని తెలుగులో పిలుస్తారు, మరొకరు "ఆ, ఆ" అని ఒడియాలో పిలుస్తారు. కుక్క ఇద్దరి వద్దకూ వస్తుంది!

ఇక్కడ ఒక మాట ఆలోచించండి. ఇంగ్లీషువారు యీ కుక్కను దారి తప్పినది అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. మన భాష దానిని ఊరకుక్క అన్నది. ఊరపిచ్చుక, ఊరపంది వంటిదే ఆ మాట. అది దారి తప్పలేదు, దాని ఊళ్లో అది వున్నది. మనం ఆ మాటను తిట్టుగా మార్చుకొన్నాము గాని, అర్థం చెడలేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా వీటిని సమాజపు జంతువులనే పేర్కొన్నవి. జంతుహింసా నివారణ చట్టం వచ్చినది 1960 డిసెంబరులో. చిత్రమేమంటే, అదీ శార్వరి సంవత్సరమే! ఆ చట్టానికై రాజ్యసభలో పట్టుబట్టిన రుక్మిణీదేవి అరండేల్ గారే 1962లో మద్రాసున ఏర్పడిన బోర్డుకు తొలి అధ్యక్షురాలు.

అయితే బిడ్డను కుక్క కరచిన తల్లికి యీ మాటలు రుచించవు. ఆమె భయం నిజమైనది. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు లేదు. కరిస్తే పసర్లు, కారం, సున్నం పూయక, సబ్బుతో ధారనీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. ఊరి కుక్కలలో నూటికి 70కి టీకా వేస్తే ఆ వ్యాధి గొలుసు తెగుతుందని వైద్యులు చెబుతారు. అన్నం పెట్టిన చేతిని నమ్మి వచ్చే కుక్కకు టీకా వేయడం, ఆపరేషనుకు పంపడం సులభం. అన్నంతో ఆగితే దయ సగమే అవుతుంది. చిత్రం చివర బండి కింద ఆరు కూనలు కనిపిస్తాయి. వాటి తల్లి లాక్‌డౌనులో అన్నం తిని బ్రతికినదే. ఆ అమ్మాయి వ్యాఖ్యానం చేయలేదు, కూనలను చూపి ఊరుకొన్నది. ఆలోచన మనకు వదిలింది.

కాబట్టి మన సంఘ సభ్యులకు చిన్న మనవి. ఎవరి వీధి కుక్కలను వారు లెక్క వ్రాయండి. చెవి కొస కత్తిరించిన గుర్తు వుంటే ఆపరేషను అయినట్లు. లేనివాటి సంగతి నగరపాలక సంస్థకు తెలుపుదాము. బడులకు, ఇరుగుపొరుగు గుమ్మాలకు దూరంగా ఒక చోటు చూసి, అక్కడే వేళకు అన్నం పెట్టండి. వేసవిలో తొట్టెడు నీరు వుంచండి.

స్వర్గద్వారం వద్ద ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను విడువనన్నాడని మన పిల్లలకు చెబుతాము. ఆ కథ వినడం సులభం. తరతరాలుగా యిక్కడ వుంటున్నా "మీది ఏ ఊరు?" అని మనల్ని అడిగేవారు నేటికీ వున్నారు. ఊరి బరువులో మన వంతు మోయడమే దానికి తగిన జవాబు. ఆ జవాబును మన బిడ్డ ఫోనుతో చెప్పింది.

ఇక దీపాలు ఆర్పించండి, చిత్రం చూద్దాము.