ఉసిరి మంచిదే, మందు మానొద్దు



చోడవరం చుట్టూ చెరకు తోటలు. బెల్లానికి కొదవ లేదు. షుగరు జబ్బు వాళ్లూ ఉన్నారు.

"ఉసిరి తింటే చాలు, మాత్రలెందుకు?" అంటారు కొందరు. అది తప్పు.

ఉసిరిలో సి విటమిను ఎక్కువ. అది ఒంటికి మేలు చేస్తుంది. మరి ఏ రూపంలో తినాలి?

పచ్చికాయ మంచిది.

ఊరగాయలో ఉప్పు ఎక్కువ. బి.పి. ఉన్నవాళ్లు తగ్గించాలి.

మురబ్బాలో పంచదార పాకం ఉంటుంది. తింటే షుగరు పెరుగుతుంది. బెల్లం పాకమైనా అంతే.

పొడి, బిళ్లలు కొంటే డబ్బు ఖర్చు. డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు.

ఏదైనా తిండే, మందు కాదు. మందు మానేస్తే కళ్లు, మూత్రపిండాలు, కాళ్లు దెబ్బతింటాయి.

సర్కారు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోండి. చీటీలో అంకె చదవండి. తేదీ వేసి రాసిపెట్టుకోండి. షుగరు తగ్గిందో పెరిగిందో ఆ అంకే చెబుతుంది. ఇరుగుపొరుగు మాట కాదు.