కంచె ఎప్పుడు చేను మేస్తుంది? ఊపిరితిత్తుల క్యాన్సరులో రక్షణ కణాల చరిత్ర

(శ్రీకాకుళంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మా గురువుగారి పేరు నా వెనక బ్యానరు మీదే ఉంది. ఆయన గొప్పతనం నాకు ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. నేను ఒక్క అలవాటు గురించే చెబుతాను. మైక్రోస్కోపు కింద స్లైడు పెడితే మేమంతా క్యాన్సరు కణం కోసం వెతికేవాళ్ళం. ఆయన "గడ్డ సంగతి సరేనయ్యా, చుట్టూ ఎవరెవరు చేరారో అది చెప్పు" అనేవారు. ఆ ప్రశ్నకు శాస్త్రం చెప్పిన జవాబులే ఈ పూట నా విషయం.

తెల్లకణాల్లో రకాలు, థైమస్ చేసే పని ఈ సభకు చెప్పనక్కర్లేదు. పాత కథ కూడా గబగబా దాటేస్తాను. 1863లో వీర్కో గడ్డల్లో తెల్లకణాలు చూశాడు. 1882లో మెచ్నికాఫ్ నక్షత్రచేప డింభకంలో ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. పుడుతున్న క్యాన్సర్లను శరీరం ఎప్పటికప్పుడు అణిచేస్తూ ఉండాలని 1909లో ఎర్లిక్ అన్నాడు. ఆ తర్వాతి నలభై ఏళ్ళలో చెప్పుకోదగ్గది పెద్దగా లేదని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు టీ దగ్గర నన్ను పట్టుకోవచ్చు.

నేను ఆగేది 1957 దగ్గర. ఆ కాలపు పత్రికలే నేను ఎక్కువగా చదివాను కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో బర్నెట్, మన రక్షణ వ్యవస్థ క్యాన్సరు కణాలను పసిగట్టి తుడిచేస్తుందని ప్రతిపాదించాడు. అమెరికాలో లూయిస్ థామస్‌కూ అదే ఆలోచన వచ్చింది. అదే ఏడాది ప్రెన్, మెయిన్ అనే ఇద్దరు ఎలుకల్లో రసాయనంతో గడ్డ పుట్టించి, దాన్ని కోసి తీసేసి, అదే గడ్డను తిరిగి అంటించారు. ఎలుక దాన్ని తోసిపుచ్చింది. గడ్డ పుట్టిన ఎలుక చర్మాన్ని అంటిస్తే మాత్రం తోసిపుచ్చలేదు. అంటే గడ్డలో పరాయిదేదో ఉంది, తెల్లకణాలు దాన్ని గుర్తుపడుతున్నాయి.

ఆ ఏడాది మూడో సంగతి మన ప్రాంతానిది. డి. గోవిందరెడ్డి, వి.కె. రావు గార్లు కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సరు గురించి వ్యాసం అచ్చు వేసింది కూడా 1957లోనే. కారణం అడ్డపొగ. ఈ హాల్లో సగం మందికి వాళ్ళ మామ్మ చుట్ట కాల్చిన తీరు గుర్తుండే ఉంటుంది. ముందు చుట్ట వెలిగిస్తుంది, నాలుగు దమ్ములు మామూలుగా లాగుతుంది, తర్వాత నిప్పు కొసను నోట్లోకి తిప్పి పెదాలు బిగిస్తుంది. చేతులు ఖాళీ, కోత ఆగదు, గాలికి నిప్పు ఆరదు, చుట్టా చాలాసేపు వస్తుంది. బూడిద నోట్లోనే రాలుతుంది. తర్వాత మెహతా, పిండ్‌బోర్గ్ బృందం మన జిల్లా పల్లెల్లో 10,169 మందిని ఇంటింటికీ వెళ్ళి పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించింది. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు.

ఆ పరిశోధకుల చూపు అంగిలి మీద ఉంది. పొగ కిందికి దిగాక ఎవరెవరికి పని పెడుతుందో చూడాలంటే ఊపిరితిత్తి స్లైడు దగ్గరికి రావాలి. పొగతాగేవాళ్ళ స్లైడులో సన్న గాలిగొట్టాల దగ్గర, వాటి పక్క గాలిగదుల్లో మాక్రోఫేజులు గుంపులుగా ఉంటాయి. కడుపు నిండా గోధుమరంగు నూక మింగినట్టుంటాయి. పొగలోని మసిని ఎత్తిపోయడం వాటి పని. 1974లో నివోనర్ బృందం అకస్మాత్తుగా చనిపోయిన పాతికేళ్ళ ఈడు కుర్రాళ్ళ ఊపిరితిత్తులను పరీక్షించింది. పొగతాగినవాళ్ళలో అప్పటికే ఈ గుంపులు కనిపించాయి. క్యాన్సరు రావడానికి దశాబ్దాల ముందే అక్కడ జనం పోగయ్యారన్నమాట. నా దృష్టిలో ఊపిరితిత్తుల విషయంలో ఇది బర్నెట్ వ్యాసం కంటే ముఖ్యమైనది. చరిత్ర రాసేవాళ్ళు దీన్ని ఒక వాక్యంలో కూడా తలచుకోరు.

ఎందుకు తలచుకోరంటే, అదే 1974లో వాళ్ళకు ఇంకో గొడవ దొరికింది. థైమస్ లేకుండా పుట్టే నగ్న ఎలుకలకు ఓసియస్ స్టట్‌మన్ క్యాన్సరు రసాయనం ఎక్కించాడు. మామూలు ఎలుకల కంటే వాటికి ఎక్కువ గడ్డలు రాలేదు. టీ కణాలు లేకపోయినా తేడా లేదంటే బర్నెట్ మాట తప్పని తీర్పు చెప్పేశారు. ఇక్కడ నాకు పాత తగువు ఒకటుంది, దాన్ని దాటి పోలేను. ఒక వర్గం చరిత్రకారులు బర్నెట్‌ది కట్టుకథ, మందుల కంపెనీలు బతికించాయంటారు. ఇంకో వర్గం స్టట్‌మన్ పాతికేళ్ళు పాడుచేశాడంటుంది. ఇద్దరితోనూ సభల్లో వాదించాను. స్టట్‌మన్ ప్రయోగం శుభ్రమైనదే, దాని మీద కట్టిన తీర్పే అతి. సహజ హంతక కణాలను 1975లో గుర్తించారు. అవి నగ్న ఎలుకల్లో దండిగా ఉన్నాయి. టీ కణాలు కూడా బొత్తిగా లేకపోలేదు. పైగా ఆయన వాడిన ఎలుకజాతి ఆ రసాయనాన్ని మరీ ఎక్కువగా క్యాన్సరుకారకంగా మార్చేస్తుంది. అంత దెబ్బ ముందు చిన్న తేడా ఏం కనబడుతుంది? అయినా 2000లో హనాహన్, వైన్‌బర్గ్ రాసిన క్యాన్సరు ఆరు లక్షణాల్లో రక్షణ వ్యవస్థను తప్పించుకోవడం లేదు. 2011లో గానీ చేర్చలేదు.

ఎలుకలు వద్దు, మనుషుల్ని చూపించమంటారు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం పక్కన కూర్చుని ఆ మాట అనకూడదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు జీవితాంతం వేసుకునే మందులు రక్షణ కణాలను అణచి ఉంచుతాయి. అవయవ మార్పిడి జరిగినవాళ్ళలో వచ్చే క్యాన్సర్లు ఎక్కువగా వైరస్‌లవే కదా అంటారు. నిజమే, చాలావరకు అవే. కానీ వాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సరు కూడా దాదాపు రెండింతలుందని 2011లో అమెరికా లెక్కలు చూపాయి. వాళ్ళలో పొగతాగేవాళ్ళు ఎందరన్న సందేహం న్యాయమైనదే. ఆ సందేహంతో మొత్తం కొట్టిపారేయడం న్యాయం కాదు.

అలాగని బర్నెట్ వర్గానికి జై కొట్టను. 2001లో ష్రైబర్ బృందం చూపింది వాళ్ళకూ మింగుడుపడదు. లింఫోసైట్లు లేని ఎలుకలకు గడ్డలు ఎక్కువ వచ్చాయి, అది బర్నెట్ పక్షం. కానీ లింఫోసైట్లున్న ఎలుకల్లో పెరిగిన గడ్డలు ఆ కణాల కంటపడకుండా ఆరితేరినవి. ఏరివేత జరిగేకొద్దీ మొండివే మిగులుతాయి. ఇక మాక్రోఫేజుల సంగతి చెప్పాలంటే కంచే చేను మేసినట్టు. ఏళ్ళ తరబడి మసి మింగి మంట పుట్టించే రసాయనాలు వదులుతాయి. గడ్డకు రక్తనాళాలు కట్టిపెట్టేదీ, టీ కణాలను దూరంగా ఉంచేదీ అవే. అందుకే కరోనా తర్వాత బజార్లో అమ్ముతున్న "ఇమ్యూనిటీ పెంచే" పొడులను నేను నమ్మను. ఊపిరితిత్తి గడ్డ చుట్టూ కణాలకు కొరత లేదు, అవి ఎవరి పని చేస్తున్నాయన్నదే ప్రశ్న.

సమయం అయిందని అధ్యక్షులవారు రెండో చీటీ పంపారు. మిగతాది పరుగే. 1992లో జపాన్‌లో హోంజో ప్రయోగశాల టీ కణాలకు బ్రేకులాంటి పీడీ-1ను కనిపెట్టింది. 1996లో ఆలిసన్ ఇంకో బ్రేకు తీసేసి ఎలుకల గడ్డలు కరిగించాడు. ఇద్దరికీ 2018లో నోబెల్. 2008లో పారిస్ వాళ్ళు ఊపిరితిత్తి గడ్డల్లో చిన్న లింఫు గ్రంథుల్లాంటి గుంపులు చూసి, అవి ఉన్నవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతున్నారన్నారు. 2015లో పీడీ-1ను అడ్డుకునే మందు నివొలుమాబ్‌కు అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సరుకు అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది అదే కోవలోని పెంబ్రొలిజుమాబ్ కొందరికి మొదటి మందే అయింది. అందరికీ పనిచేయదు, ఖరీదు మీకు తెలుసు. ఊపిరితిత్తుల్లో వాపు రావచ్చు, దాగిన క్షయ లేవవచ్చు. 2023లో స్వాంటన్ బృందం, గాల్లోని సన్న ధూళి మాక్రోఫేజుల చేత ఇంటర్‌ల్యూకిన్-1 బీటా విడుదల చేయించి, అప్పటికే మార్పు ఉన్న కణాలను క్యాన్సరు వైపు నెడుతుందని చూపింది. ఆ రసాయనాన్ని అడ్డుకునే మందు 2017లో గుండెజబ్బు రోగుల మీద జరిగిన పరీక్షలో ఊపిరితిత్తుల క్యాన్సరును తగ్గించింది. క్యాన్సరు వచ్చేశాక ఇస్తే ఫలితమివ్వలేదు. ఈ ఒక్క పేరాకే గంట కావాలి, క్షమించండి.

విద్యార్థులకు ఒక్క పని అప్పగించి ముగిస్తాను. కేస్‌షీటులో "స్మోకింగ్: లేదు" అని రాసే ముందు మామ్మల్ని సిగరెట్టు గురించి అడగొద్దు. "చుట్ట కాలుస్తావా అమ్మా? నిప్పు బయటికా, లోపలికా? ఎన్నేళ్ళుగా?" అని అడగండి. జవాబు రాసి, బయాప్సీతో పాటు పాథాలజీకి పంపండి. పాథాలజీ వాళ్ళు గడ్డ పేరుతో పాటు చుట్టూ ఉన్న లింఫోసైట్లు, మాక్రోఫేజులు ఎంతెంతో రెండు లైన్లు రాయండి. పదేళ్ళు ఇలా చేస్తే, అడ్డపొగ ఊపిరితిత్తుల్లో కంచె ఎటు తిరిగిందో చెప్పడానికి ఎలుకల లెక్కలు అరువు తెచ్చుకోనక్కర్లేదు. సెలవు.