వరి ఆకులో పాఠభేదములు

పూర్వము బ్రౌను దొర కడపలో పండితులను చేర్చి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, పాఠభేదములు వ్రాయించెను. నేటి జీవశాస్త్రజ్ఞుల నిత్యకృషియు ఇంచుమించు అట్టిదే. వారి తాళపత్రము మాత్రము పచ్చి ఆకు.

వరిమొక్క కణములలో డి.ఎన్.ఎ. అను సన్నని పోగు కలదు. అందున్నవి నాలుగే అక్షరములు. వాని వరుసయే ఆ మొక్క జీనోము. జపానుదేశపు నిప్పన్‌బరె అను వరి జీనోమును పలుదేశములవారు, భారతీయులును కలిసి చదివి, 2005లో ప్రకటించిరి. సుమారు 39 కోట్ల అక్షరములు! లక్ష శ్లోకముల భారతమును నూటయిరువది మారులు వ్రాసినంత.

అది ప్రమాణప్రతి. శాస్త్రజ్ఞుడు తాను పరిశీలించు మొక్క ఆకునుండి డి.ఎన్.ఎ. తీసి యంత్రమునకిచ్చును. యంత్రము దానిని 150 అక్షరముల వంటి చిన్న తునుకలుగా చదువును. కంప్యూటరు ఒక్కొక్క తునుకకు ప్రమాణప్రతిలో చోటు వెదకును. అక్షరము మారిన చోట అసలు పని మొదలగును. అది నిజమైన భేదమా, యంత్రపు చేతప్పా? లేఖకుని తప్పును పాఠాంతరమని భ్రమించిన పండితులు లేకపోలేదు. కావున ఒకే చోటును పలుమారులు చదివి తేల్చుకొందురు.

ఒక్క ప్రతి చాలదనుటకు ముంపు వరియే తార్కాణము. ఒడిషా రైతుల పాతరకము ఎఫ్.ఆర్. 13ఎ రెండు వారములు నీట మునిగియు బ్రతుకును. ఆ గుణమునకు మూలమైన సబ్1ఎ అను జన్యువును 2006లో గుర్తించిరి. విచిత్రమేమనగా, ప్రమాణప్రతియైన జపాను వరిలో ఆ జన్యువే లేదు. అచ్చట గ్రంథపాతము! ముంపునకోర్చు వరినే వేరుగా చదివిన పిదప గాని అది దొరకలేదు. తరువాత 89 దేశముల 3,010 వరి రకములను చదివి, 2018లో వాని భేదములను వెల్లడించిరి. ఆ చిట్టా ఎవరైనను ఉచితముగా చూడవచ్చును.

సామాన్యపు వరి మునిగినంతనే నీటిపైకి తల యెత్తుటకై పొడవు సాగి, దాచుకొన్న సత్తువ వ్యయపరచి, నీరు తీయునాటికి కుళ్లిపోవును. ఈ జన్యువు గలది ఎదుగుట మాని, ఓపికపట్టి, నీరు తీసిన పిమ్మట చిగుర్చును.

మార్టేరులో పుట్టిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, మనవారికి చిరపరిచితమే. ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు సంకరముచే దానికి ఆ జన్యువును చేర్చిరి. ప్రతి తరమునందును ఆకుతునుక పరీక్షించి, కావలసిన మొక్కలనే యెంచుకొనిరి. అందుచే స్వర్ణ గింజయు దిగుబడియు చెడలేదు. స్వర్ణ సబ్1 పేర 2009లో మనదేశమున విడుదలయ్యెను. అయినను పూతదశలో వచ్చు ముంపునకు గాని, నెలలతరబడి నిలిచిన నీటికి గాని ఇది చాలదు. వానికోర్చు జన్యువులకై ఆ చిట్టాలలో అన్వేషణ సాగుచున్నది.