జంషెడ్‌పూరు విద్యార్థుల గానబృందములు



టాటానగరు స్టేషనులో దిగిన తెలుగువానికి జంషెడ్‌పూరు పూర్తిగా పరాయి ఊరనిపించదు. 1908లో సాక్చి గ్రామమున ఉక్కు కర్మాగార నిర్మాణము ఆరంభమైన పిమ్మట, బెంగాల్ నాగపూరు రైలుమార్గము వెంబడి ఉత్తర సర్కారులనుండి పనికి బయలుదేరినవారిలో అనేకులు అచ్చటనే స్థిరపడిరి. బిష్టుపూరులో తెలుగువారు నిలుపుకొన్న రామమందిరమున్నది. ఇండ్లలో తెలుగు వినబడును. అయితే మూడవ తరము, నాలుగవ తరము పిల్లలలో పెక్కుమంది తెలుగు మాటాడగలరు గాని చదువలేరు. బడిలో వారికి అబ్బినవి హిందీ, ఆంగ్లము. ఈ పిల్లలు కళాశాలలో అడుగుపెట్టి గానబృందమున చేరినపుడు వారి ఇంటి పాట ఏమగుచున్నది? నేటి ప్రసంగమునకు విషయమిది.

ఆ నగరమున విద్యాలయములకు కొదువ లేదు. జేవియర్ సంస్థ 1949లోను, కోఆపరేటివ్ కళాశాల 1951లోను, మహిళా కళాశాల 1953లోను నెలకొన్నవి. ఆదిత్యపురములోని ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థ 1960లో పుట్టి, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. 2009లో చాయిబాసా కేంద్రముగా కొల్హాన్ విశ్వవిద్యాలయము ఏర్పడగా, అంతవరకు రాంచీ విశ్వవిద్యాలయము క్రిందనుండిన నగర కళాశాలలు దానికి అనుబంధములైనవి.

వసతిగృహములు గల సాంకేతిక విద్యాసంస్థలో బృందమునకు కావలసిన జనము రాత్రి భోజనమైన వెంటనే దొరకుదురు. గిటారు, కీబోర్డు, డ్రమ్ములు, హిందీ చిత్రగీతములు, ఆంగ్ల గీతములు, ఏటేట కల్‌ఫెస్ట్ అను ఉత్సవము: వారి లోకమది. తెలుగునాటి నుండి వచ్చిన విద్యార్థులును అందుందురు. వారు పాడు తెలుగు పాట ప్రాయికముగా సినిమా పాటయే. ఇందులో దోషమేమియు లేదు. ఘంటసాల పాటను గిటారుపై పలికింప యత్నించు కుర్రవానిని ఆక్షేపించువారెవరు?

నగర కళాశాలల సంగతి వేరు. అచ్చట విద్యార్థులు సాయంకాలమగుసరికి బస్సులెక్కి ఇండ్లకు పోవుదురు. వారిని ఒకచోట చేర్చునది యువజనోత్సవము. ఇది క్రొత్త ఏర్పాటు కాదు. 1954లోనే కేంద్ర విద్యామంత్రిత్వ శాఖ ఢిల్లీలో అంతర్విశ్వవిద్యాలయ యువజనోత్సవమును జరిపెను. 1980 దశకము నడుమనుండి ఆ భారమును భారతీయ విశ్వవిద్యాలయ సంఘము వహించుచున్నది. కళాశాలలో నెగ్గినవారు విశ్వవిద్యాలయమునకు, అచ్చటినుండి తూర్పు మండలమునకు, పిదప జాతీయోత్సవమునకు పోవుదురు.

నియమావళియనగానే కార్యాలయములవారికి ఆవులింతలు వచ్చుట సహజము. కాని బృందగానమునకు సంబంధించిన ఈ నియమావళి చదువదగినది. గాయకులు ఆరుగురికి మించరాదు. వాద్యకారులు ముగ్గురు. పాటలు రెండు, అందొకటి దేశభక్తి గీతము, రెండవది జానపదము. భారతీయ భాషలలో ఏదైనను సరే. సినిమా పాట పనికిరాదు. అన్నిటికి కలిపి పది నిమిషములు. ఈ సినిమా నిషేధమును కొందరు చాదస్తమందురు. జంషెడ్‌పూరువంటి ఊరిలో మాత్రము అది చేసిన మేలు గొప్పది. రేడియోలోను ఫోనులోను దొరకని పాటను వెదకుకొనుటకు విద్యార్థి ఇంటికే పోవలెను, అవ్వనే అడుగవలెను. సంతాలీ విద్యార్థులకును, హో విద్యార్థులకును ఈ వెదకులాట సులభము. వారి ఊరు చేరువ, వారి పండుగలు సజీవము, విశ్వవిద్యాలయములో వారి భాషలకు పీఠమున్నది. చిక్కంతయు వలస వచ్చినవారి పిల్లలకే.

కద్మాలోనో సోనారిలోనో ఒక తెలుగు విద్యార్థిని ఉన్నదనుకొందము. ఆమె అవ్వ శ్రీకాకుళము జిల్లానుండి కాపురమునకు వచ్చినది. ఊడ్పు పాట యొకటి ఆమెకు కంఠస్థము. మనుమరాలు దానిని బృందమునకు తెచ్చినది. మిగిలిన ఐదుగురికి తెలుగు రాదు. ఒకరు బెంగాలీ, ఒకరు ఒడియా, ఒకరు సంతాలీ, ఇద్దరు హిందీవారు. పాటను నాగరిలిపిలో వ్రాసి పంచిపెట్టుట మొదటి పని. అచ్చటనే తొలి దెబ్బ తగులును. హిందీ నాగరిలో హ్రస్వమైన ఎకారమునకు, ఒకారమునకు వేరు గురుతు లేదు. వ్రాసినది చదివినవారు రెంటిని దీర్ఘములు చేయుదురు. పాటలో ఒక మాత్ర రెండు మాత్రలగును, తాళము కుంటును. దానికి తోడు హిందీవారు పదము చివరి అకారమును మింగివేయుదురు. రాముడు వారి నోట ‘రామ్’ అయినట్లే, మన పదాంతములు తెగిపోవును. అజంత భాషకు అజంతత్వమే పోయిన మిగులునదేమి? బెంగాలీ నోట అకారము ఒకారమువైపు గుండ్రనగును. ఆరుగురిలో మనకు దగ్గరివాడు ఒడియా విద్యార్థి. వాని భాషలో పదాంతపు అకారము నేటికిని పలుకబడును. కావున జంషెడ్‌పూరు తెలుగు పాటకు ఒడియా గొంతే మొదటి తోడు. గంజామునకును శ్రీకాకుళమునకును ఉన్న ఇరుగుపొరుగుతనము ఇట్లు నాలుక చివర బయటపడుట ముచ్చట గొలుపును.

వాద్యముల విషయమున అదృష్టము ఎక్కువ. ఉత్తరాంధ్రమున జముకుల కథలు చెప్పువారి జముకు అందరెరిగినదే. గుల్ల వంటి బుర్రకు ఒకవైపు చర్మము బిగించి, దాని నడుమనుండి తీగ తీసి, చంకలోనిరికించుకొని, తీగను ఒక చేత లాగుచు రెండవ చేత మీటుదురు. లాగిన కొలది నాదము హెచ్చుతగ్గులగును. బెంగాలు బాఉళుల ఖమక్ ఇట్టి జాతిదే. పట్టు, మీటు, నాదపు మూలుగు అన్నియు దగ్గర దగ్గర. జంషెడ్‌పూరులో జముకు దొరకకపోవచ్చును గాని, బెంగాలీ మిత్రుని ఇంట ఖమక్ దొరకుట అసంభవము కాదు. ఊడ్పు పాటకు వాద్యమే అక్కరలేదని అవ్వ అనవచ్చును. ఆమె మాట నిజమే. పొలములో అడుగుల చప్పుడే తాళము. కాని వేదికపై పొలము లేదు. సంతాలీ తుమ్దాక్‌ను మృదువుగా వాయింపగలవాడున్న, ఆ లోటును చాలవరకు తీర్చును.

ఇంతవరకు బాగుగనే ఉన్నది. అసలు నష్టము ఇటుపైన. పట్టపు చదువు మూడు నాలుగేండ్లలో ముగియును. విద్యార్థిని పట్టము పుచ్చుకొని బెంగుళూరికో హైదరాబాదుకో పోవును, పాట ఆమెతోనే పోవును. మరుసటి ఏట బృందము మరల మొదటినుండి వెదకుకొనవలసినదే. ఫోనులో ముద్రణమున్నదికదా యని కొందరందురు. ముద్రణము పాట ఎట్లుండెనో చెప్పును. ఏ అక్షరమును ఎన్నిసార్లు దిద్దినదియు, ఏ దోషము వదలిపెట్టినదియు చెప్పదు. దోషములతో కూడ నేర్పివేయును.

విజయనగరము సంగీత కళాశాలను ఇచ్చట తలచుకొనక తప్పదు. 1919లో స్థాపించిన ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు యువకులుగా వయొలిను ఆచార్యులై వచ్చి, 1936లో అధ్యక్షపదవినే అలంకరించిరి. ఘంటసాల ఆ ఊరిలో మధుకరమెత్తుకొని చదువుకొన్న సంగతి లోకవిదితము. శిష్యులు వచ్చిరి, పోయిరి. గురువు దశాబ్దములు ఒకచోటనే ఉండెను, పాటయు ఆయన వద్దనే ఉండెను. జంషెడ్‌పూరు బృందములకు అట్టి గురువు లేడు. పై తరగతి విద్యార్థియే గురువు, ఆతడు ఏడాదిలో పోవువాడు. 1977లో ఢిల్లీ ఐఐటీలో కిరణ్ సేఠ్ ఆరంభించిన స్పిక్ మేకే ఉద్యమము గొప్ప విద్వాంసులను విద్యార్థుల ముంగిటికి తెచ్చినది. అది వినిపించుటలో సాటిలేనిది. వారమునకు రెండు దినములు గదిలో కూర్చుండి ఒక పాటను దిద్దు పని వేరొకరు చేయవలసినది.

ఆ పనికి మహావిద్వాంసులు అక్కరలేదు. బదిలీలపై ఊరూర తిరుగు కేంద్రోద్యోగుల కుటుంబములలో సంగీతమో, కనీసము చక్కని తెలుగు ఉచ్చారణమో కలవారు లేకపోరు. తమ పిల్లలు నడిసంవత్సరములో క్రొత్త కళాశాలలో చేరి స్నేహితులు లేక బిక్కమొగము వేయుట వారెరిగినదే. గానబృందమువంటి చోటు ఆ పిల్లలకు మొదటి వారములోనే ఐదుగురు మిత్రులనిచ్చును. బదులుగా, పాట కాగితమును నాగరిలో వ్రాయునపుడు హ్రస్వ ఎ, ఒలకు ఏదైన చుక్క గురుతు పెట్టి, దాని ప్రతిని కళాశాల బీరువాలో ఉంచుట ఒక పూట పని.

విద్యార్థిని వెడలిపోయిన ఏట, తెలుగు రాని ఆ ఒడియా విద్యార్థియే క్రొత్తవారికి ఊడ్పు పాట నేర్పవలసి వచ్చును. ఆనాడు కద్మానుండి అవ్వను రిక్షాలో తీసికొనివచ్చి, అతని ప్రక్కన కుర్చీ వేసి కూర్చుండబెట్టవలెను. ఎకారము దీర్ఘమైనప్పుడెల్ల ఆమె చేయి ఎత్తును, పాట ఆగును, మరల మొదటినుండి ఎత్తుకొందురు.