మన షేర్ మీద తప్పుడు వార్త వస్తే ఏం చేయాలి?

కొండాపూర్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నేను పనిచేసే కంపెనీ షేర్లే నా దగ్గరున్నాయి. ఒక ఛానెల్ మా కంపెనీ గురించి తప్పుడు వార్త వేసింది, షేర్ పడింది. టీమ్ అంతా కలిసి వాళ్ల కామెంట్లలో ఏకిపారేద్దాం అనుకుంటున్నాం. కరెక్టేనా?"

కోపం అర్థమైంది తమ్ముడూ. జీతమూ అక్కడే, దాచుకున్నదీ అక్కడే. కానీ ఒక్క నిమిషం ఆగు. ఒకప్పుడు మీ పక్కనే మాదాపూర్‌లో పెద్ద క్యాంపస్ ఉండిన సత్యం కంప్యూటర్స్ కథ విను.

2008 డిసెంబర్‌లో ఒక వార్త వచ్చింది. ప్రపంచ బ్యాంకు సత్యంని ఎనిమిదేళ్లు బ్యాన్ చేసిందని. డిసెంబర్ 23న షేర్ 13 శాతానికి పైగా పడింది. సత్యం ఏం చేసింది? ఆ మాటలు వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పాలని ప్రపంచ బ్యాంకునే అడిగింది! అప్పుడు నేను షేర్‌హోల్డర్‌ని అయ్యుంటే నేనూ కంపెనీ వైపే అరిచేవాణ్ణేమో.

దాదాపు రెండు వారాలకి, 2009 జనవరి 7న, రామలింగరాజు లెటర్ వచ్చింది. లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని. ముందు రోజు 179 రూపాయలున్న షేర్ ఆ రోజు 40 దగ్గరికి వచ్చేసింది.

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే. 2008 సెప్టెంబర్‌లో అదే సత్యంకి కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. పేపర్లు మెచ్చుకుంటూ రాశాయి. నిజానికి తప్పుడు వార్తలంటే అవీ! కానీ అలాంటప్పుడు సవరణ వేయండని ఏ షేర్‌హోల్డరైనా అడుగుతాడా? షేర్ పెరిగితే మనకి డౌట్ రాదు కదా.

అలాగని ప్రతి వార్తా నిజమని కాదు. పుకార్లతో షేర్ పడగొట్టేవాళ్లు ఉన్నారు. అందుకే సెబీ రూల్ పెట్టింది. 2024 జూన్ నుంచి టాప్ 100 కంపెనీలకి, డిసెంబర్ నుంచి టాప్ 250కి. పెద్ద మీడియాలో పుకారు వచ్చి, దానివల్ల ధర బాగా కదిలితే, 24 గంటల్లో కంపెనీ అవుననో కాదనో చెప్పాలి, లేదా వివరణ ఇవ్వాలి.

కాబట్టి ముందు బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్‌లో మీ కంపెనీ పేరు కొట్టి అనౌన్స్‌మెంట్లు చూడు. వివరణ ఉంటే ఒక్కో పదం చదువు. "ఈ వార్త తప్పు" అనడం వేరు, "ప్రస్తుతానికి వెల్లడించాల్సింది ఏమీ లేదు" అనడం వేరు. రెండోది కాదనడం కాదు, గుర్తుపెట్టుకో.

వివరణే లేకపోతే కంపెనీ సెక్రటరీకి మెయిల్ పెట్టు, ఫలానా తేదీ, ఫలానా వాక్యం అని రాసి. జవాబు రాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్ ఉంది. ఏజీఎంలో స్పీకర్‌గా రిజిస్టర్ చేసుకుని ఛైర్మన్‌నే అడగొచ్చు. వార్త తప్పని తేలితే ఛానెల్‌కి ఆధారంతో రాయి, పేపరైతే ప్రెస్ కౌన్సిల్ దాకా వెళ్లొచ్చు.

ఇంకోటి. ఉద్యోగివి కాబట్టి ఆఫీసులో విన్న లోపలి సంగతులు కామెంట్లలో పెట్టావనుకో, ఇన్‌సైడర్ రూల్స్ నీ మెడకే చుట్టుకుంటాయి. టీమ్ గ్రూప్‌లో కూడా ఈ మాట చెప్పు.

అనౌన్స్‌మెంట్ దొరికితే స్క్రీన్‌షాట్ పంపు తమ్ముడూ, కలిసి చదువుదాం. ఉంటా మరి, బై.